సామర్లకోట మిరియాల తోట

పొంగలి తింటున్నప్పుడు పంటికింద పడి చురుక్కుమనిపించే మిరియం గింజ మీకందరికీ పరిచయమే. జలుబు చేస్తే ఇంట్లో కాచి ఇచ్చే మిరియాల కషాయమూ పరిచయమే. కాని ఆ గింజ కాసే తీగను మీలో ఎంతమంది చూశారు? అది చెట్టా, పొదా, పాదా అని అడిగితే చాలామంది ఒక్క క్షణం ఆలోచిస్తారు. కేరళలో పండుతుందని మాత్రం అందరూ చెబుతారు.

ఆ మాట నిజమే కాని, అదే పూర్తి నిజం కాదు. రెండువందల ముప్పై ఏళ్లకు పూర్వం గోదావరి జిల్లాల కొండల్లో అడవి మిరియం తీగ ఒకటి శాస్త్రవేత్త కంటపడింది. దానిని కొండ దింపి, సామర్లకోట దగ్గర వేల సంఖ్యలో నాటి, పెద్ద తోట వేశారు. ఆ తోటలో ఒక చిక్కు ఎదురైంది: కొన్ని తీగల కాయలు పక్వానికి రాకుండానే రాలిపోయేవి. కారణం వెతుకుతూ పోతే అది మొక్కలలో ఆడ, మగ భేదం దగ్గర తేలింది. ఈ వ్యాసం ఆ తీగ కథ, ఆ చిక్కు కథ.

నేనుండే చరోదా భిలాయి ఉక్కు పట్టణాన్ని ఆనుకుని ఉన్న రైల్వే ఊరు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. ఇక్కడి క్వార్టర్ల వరండాలలో కుండీలోంచి గోడ మీదికి పాకే మనీప్లాంటు లేని ఇల్లు అరుదు. మన కథలోని మిరియాల తీగ గోడ ఎక్కే పద్ధతి సరిగ్గా ఆ మనీప్లాంటు పద్ధతే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

తీగలు ఎందుకు పాకుతాయి?

దట్టమైన వర్షారణ్యంలో నేల మీద నిలబడితే పట్టపగలు కూడా చీకటిగానే ఉంటుంది. పైన చెట్ల కొమ్మలు గొడుగులాగ కమ్ముకొని ఉంటాయి గనుక, వాటి మీద పడిన ఎండలో నేలదాకా చేరేది ఒకటి రెండు శాతం మాత్రమే. వెలుతురు లేనిదే ఆకు ఆహారం తయారుచేసుకోలేదు. అందుకే అడవిలో ప్రతి మొక్కదీ ఒకటే ఆరాటం: పైకి వెళ్లాలి.

చెట్టు దీనికి కష్టమైన దారి ఎంచుకుంటుంది. ఏళ్ల తరబడి కలప పోగుచేసి, లావుపాటి మాను కట్టి, తన బరువు తానే మోస్తూ పైకి పోతుంది. తీగ అంత ఖర్చు పెట్టదు. ఎవరో కట్టిన స్తంభం ఉండగా మరొకటి కట్టడం దేనికి? సన్నని కాడతో, పక్క చెట్టు ఆసరాగా పైకి చేరుతుంది. మాను కట్టడానికి పోవలసిన ఆహారమంతా పొడవు పెరగడానికీ, ఆకులు తొడగడానికీ ఉపయోగిస్తుంది. కాడ సన్నదైనా దానిలోని నీటి గొట్టాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి అంత ఎత్తుకు నీరు అందుతుంది.

చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల కదలికలపై పెద్ద పరిశోధన ప్రచురించాడు. అవి ఎగబాకే తీరును బట్టి వాటిని విభజించాడు. మన పెరటి మొక్కలతోనే ఆ విభజన అర్థం చేసుకోవచ్చు. శంఖుపుష్పం తన కాడనే ఆసరా చుట్టూ మెలితిప్పుకుంటుంది. బీర, కాకర నులితీగలు చాచి పట్టుకుంటాయి. మన్యంలోనూ, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనూ విస్తళ్లు కుట్టే ఆకును ఇచ్చే అడ్డతీగ కూడా నులితీగల సాయంతోనే మహావృక్షాల నెత్తికెక్కుతుంది. పేము కొక్కేల్లాంటి ముళ్లు తగిలించుకుని లేస్తుంది. ఇక నాలుగో రకం వేళ్లతో పట్టుకునేవి. తమలపాకు తీగ, మనీప్లాంటు, మిరియం తీగ ఈ కోవకు చెందుతాయి.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మామిడి కొమ్మ మీద పెరిగే బదనిక ఆ చెట్టు రసాన్ని పీల్చి బతుకుతుంది. మిరియం తీగ అలాంటిది కాదు. దాని ఆహారం నేలలోని వేళ్ల ద్వారానే వస్తుంది. మాను మీద అంటుకున్న వేళ్లు పట్టు కోసమే. చెట్టు దానికి నిచ్చెన, అంతే.

తీగలో మూడు రకాల కొమ్మలు

మిరియం శాస్త్రీయ నామం పైపర్ నైగ్రమ్. ఈ పేరు 1753లో లిన్నేయస్ పెట్టాడు. దాని ప్రజాతి పేరు 'పైపర్' మన పిప్పలి మాట నుంచే గ్రీకు, లాటిన్ భాషలకు చేరింది. పిప్పలి, తమలపాకు, మిరియం మూడూ ఈ ప్రజాతిలోనివే. అంటే మన తాంబూలంలోని ఆకూ, చారులోని మిరియమూ దగ్గరి చుట్టాలన్నమాట.

పడమటి కనుమల తేమ అడవులు మిరియం తీగకు పుట్టిల్లు. ఏడాదికి రెండువేల మిల్లీమీటర్లకు పైగా వాన, ఆకు కుళ్లి ఏర్పడిన సారవంతమైన మన్ను, నీరు నిలవని వాలు, పైన పలచని నీడ దానికి కావాలి. సముద్రమట్టం దగ్గర నుంచి సుమారు 1500 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది.

తీగను దగ్గరగా చూస్తే కణుపులు ఉబ్బి కనిపిస్తాయి. ప్రతి కణుపు దగ్గరా పొట్టి పొట్టి వేళ్లు పుట్టి మాను బెరడును అంటిపెట్టుకుంటాయి. ఆకులు ఒకదాని తరువాత ఒకటిగా, గుండె ఆకారంలో, ముదురాకుపచ్చగా మెరుస్తూ ఉంటాయి. పక్కన పెడితే తమలపాకును తలపిస్తాయి.

కొమ్మలన్నీ ఒక్కలాగే ప్రవర్తించకపోవడం ఈ మొక్కలోని వింత. ఒక రకం కొమ్మ నిటారుగా పైకి పాకుతుంది. దీనికే అంటు వేళ్లుంటాయి. రెండో రకం ఆ కొమ్మ నుంచి పక్కకు చాచుకుంటుంది. దీనికి అంటు వేళ్లుండవు, పూతా కాతా దీనిమీదే. మూడో రకం తీగ మొదట్లో పుట్టి నేల మీద పాకుతూ మరో ఆసరా కోసం వెతుకుతుంది. రైతులు అంటు కట్టడానికి సాధారణంగా ఈ నేల పాకుడు కొమ్మలనే ముక్కలుగా కోస్తారు. అలా కాక పక్క కొమ్మను కోసి కుండీలో నాటారనుకోండి, అది పైకి పాకడం మరచిపోయి పొదలాగ గుబురుగా పెరుగుతుంది. ఒకే మొక్కలోని రెండు కొమ్మలు రెండు వేరు మొక్కలుగా ప్రవర్తిస్తాయి!

నేల మీద పాకే తీగకు చెట్టు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? తీగకు కళ్లు లేవు కదా! 1975లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు మధ్య అమెరికాలోని కోస్టారికా అడవిలో మాన్‌స్టెరా అనే మరో వేరుపట్టు తీగను పరిశీలించారు. మొలక దశలో అది వెలుతురు వైపు కాక, చీకటిగా కనిపించే వైపు పాకుతోందని గమనించారు. అడవి నేల మీద అన్నిటికంటే చీకటిగా కనిపించేది దగ్గరలోని మాను. మాను ఎక్కిన తరువాత మాత్రం వెలుతురు వైపు తిరుగుతుంది. వెలుతురును చేరడానికి ముందు చీకటిని వెతుక్కోవడం తీగ తెలివి.

సామర్లకోటలో ఒక వైద్యుడు

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో చదువుకొని, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు కొలువులో చేరాడు. 1781లో ఆయనను సామర్లకోటకు పంపారు. అప్పట్లో అక్కడ కంపెనీ సైనిక స్థావరం ఉండేది. దగ్గరలోనే కోరంగి రేవు. వైద్యం చేస్తూనే ఆయన సామర్లకోటలో పెద్ద తోట పెంచాడు. చుట్టుపక్కల కొండల మొక్కలను తెప్పించి పరిశీలించేవాడు. రోజువారీ వాతావరణం కూడా రాసి పెట్టుకునేవాడు.

ఆ కాలంలో మన కోస్తాలో మరో వృక్షశాస్త్రజ్ఞుడు తిరుగుతుండేవాడు. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. సాక్షాత్తూ లిన్నేయస్ శిష్యుడు. మొక్కలను పూలలోని కేసరాలు, కీలాల లెక్కతో వర్గీకరించే లిన్నేయస్ పద్ధతిని మన దేశానికి తెచ్చినవారిలో ముఖ్యుడు. రాక్స్‌బర్గ్‌కు ఈయన స్నేహం, మార్గదర్శనం దొరికాయి. 1785లో కోనిగ్ కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయినప్పుడు చికిత్స చేసినదీ రాక్స్‌బర్గే. మొక్కను చూడగానే దాని పూవును విప్పి లెక్కపెట్టే అలవాటు మన కథకు ఎంత కీలకమో కాసేపట్లో చూస్తారు.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఘోరమైన ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. రాక్స్‌బర్గ్ కుటుంబంతో బయటపడ్డాడు గాని, ఆయన పుస్తకాలు, రాతప్రతులు, సేకరించిన మొక్కలు నీటిపాలయ్యాయి. ఆరేళ్ల శ్రమ పోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

అసలు కంపెనీకి గోదావరి మిరియాలతో ఏం పని? అప్పట్లో మిరియం బంగారం లాంటి సరకు. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరడానికి ఒక ముఖ్య కారణం అదే. అయితే పద్దెనిమిదో శతాబ్ది చివర మలబారు కొండలు ఎక్కువగా మైసూరు పాలకులు హైదరాలీ, టిప్పు సుల్తానుల అధీనంలో ఉండేవి. కంపెనీకి తలస్సేరి కోట నుంచి, దూరాన సుమత్రా దీవిలోని బెంకూలెన్ నుంచి మిరియాలు అందేవి. తన పాలనలో ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలలోనే మిరియం పండితే ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు. రాక్స్‌బర్గ్ ప్రయత్నం వెనుక విజ్ఞాన కుతూహలం ఎంత ఉందో కంపెనీ లాభాపేక్షా అంత ఉంది. ఈ రెండిటినీ విడదీసి చూడలేం.

సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండలలో, లోయలోయకూ, తేమగా సారవంతంగా ఉండే నేలలో, చెట్ల నీడన ఒక తీగ విరివిగా పెరుగుతుందని ఆయన తెలుసుకున్నాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూసి, మార్చిలో గింజ పండుతుందని నమోదు చేశాడు. తెలుగువారు దానినేమంటారో కూడా ఇంగ్లీషు అక్షరాలలో రాసిపెట్టాడు. ఆ పేరు మరేదో కాదు, 'మిరియాల తీగ'!

ఈ చిన్న వివరం దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక శాస్త్రవేత్త మొక్కను 'కనుగొన్నాడు' అని మనం పుస్తకాలలో చదువుతాం. కాని ఆయన అడిగేనాటికే ఆ తీగకు ఇక్కడి జనం నోట పేరుంది. అది ఏ లోయలో ఉంటుందో వారికి తెలుసు. ఆయన చేసింది దానిని విశ్వవిజ్ఞానపు పద్దులో ఎక్కించడం. అది గొప్ప పనే. కాని దారి చూపినవారి పేర్లు మాత్రం ఆ పద్దులో లేవు. దీనికంటే వందేళ్ల ముందే, 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాలుగా వెలువడిన 'హోర్తుస్ మలబారికుస్' అనే గ్రంథంలో కేరళ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ పేరు, ఆయన ఇచ్చిన వాంగ్మూలం సగౌరవంగా అచ్చయ్యాయి. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ కోసం మొక్కల బొమ్మలు వేసిన మన చిత్రకారులకు ఆ భాగ్యం దక్కలేదు. వారి బొమ్మలలో మూడువందలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 'కోరమండల్ తీరపు మొక్కలు' అనే పేరుతో లండన్‌లో అచ్చయ్యాయి. బొమ్మలున్నాయి, గీసిన చేతుల పేర్లు లేవు.

కాయలు ఎందుకు రాలాయి?

కొండతీగల నుంచి తెచ్చిన నారుతో తోట పెరిగింది. 1789 నాటికి సుమారు యాభై ఎకరాలలో నలభై నుంచి యాభై వేల తీగలు ఉండేవి. లెక్క వేసి చూడండి: ఒక్కో తీగకు దక్కిన జాగా నాలుగైదు చదరపు మీటర్లు. వేయి తీగల నుంచి అయిదువందల నుంచి వేయి పౌన్ల దాకా కాయ దిగేదని నమోదైంది. అంటే తీగకు పావుకిలో నుంచి అరకిలో లోపు. అడవి నుంచి అప్పుడే తెచ్చిన తీగకు ఇది మంచి దిగుబడే.

అయితే తీగలన్నీ ఒక్కలాగ కాయలేదు. కొన్నింటి కాయలు పచ్చిగా ఉండగానే రాలిపోయేవి. వాటిని ఎండబెట్టి చూస్తే మామూలు మిరియపు ఘాటు లేదు. మరికొన్ని తీగల కాయలు మాత్రం నిలిచి పండి, ఎండాక మంచి ఘాటుగా ఉండేవి. వర్తకులు వాటిని మేలైన మలబారు మిరియంతో సమానమన్నారు. ఒకే తోట, ఒకే నీరు, ఒకే నేల. మరి తేడా ఎక్కడ?

రాక్స్‌బర్గ్ పూలను పరిశీలించాడు. మిరియపు పూవు చూడాలంటే భూతద్దం కావాలి. దానికి రంగు లేదు, రెక్కలు లేవు. ఆకుకు ఎదురుగా వేలాడే సన్నని కంకి మీద ఇలాంటి చిన్ని పూలు యాభై నుంచి నూటయాభై దాకా కిక్కిరిసి ఉంటాయి. ఒక పూవులో మహా ఉంటే ఒక అండాశయం, దాని పక్కన రెండు కేసరాలు.

ఆయనకు మూడు రకాల తీగలు కనిపించాయి. ఒక రకం కంకులలో కేసరాలు మాత్రమే ఉన్నాయి: మగ తీగలు. రెండో రకంలో అండాశయాలు మాత్రమే: ఆడ తీగలు. మూడో రకం కంకులలో రెండూ కలిగిన ద్విలింగ పుష్పాలూ, ఆడపూలూ కలిసి ఉన్నాయి. పచ్చిగా రాలిపోయినవి ఆడ తీగల కాయలు. ఘాటుగా పండినవి మూడో రకానివి.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. పెరట్లో బొప్పాయి మొక్క వేసి, అది మగదని తేలితే పీకి పారేసే ఇంటివారిని చూసే ఉంటారు. బొప్పాయిలో కూడా మగ, ఆడ, ద్విలింగ చెట్లు మూడూ ఉంటాయి. తాటిచెట్లలో కాయనిది పోతుతాడి, కాసేది పెంటితాడి అని మన పల్లెల్లో ఎప్పటినుంచో అంటారు. లిన్నేయస్ వర్గీకరణలో, ఇలా మూడు రకాల పూలు మూడు వేర్వేరు మొక్కల మీద ఉండే పద్ధతికి 'మూడు ఇళ్లు' అని అర్థమిచ్చే గ్రీకు మాటలతో పేరు ఉంది. రాక్స్‌బర్గ్ దానినే తీసుకొని మన కొండతీగకు 'పైపర్ ట్రయోయికమ్' అని పేరు పెట్టాడు. ఆయన మరణానంతరం 1820లో వెలువడిన 'ఫ్లోరా ఇండికా' మొదటి సంపుటంలో ఈ పేరు అచ్చయింది. తరువాతి శాస్త్రజ్ఞులలో కొందరు దీనిని మామూలు మిరియంలోనే ఒక రకమన్నారు, కొందరు వేరు జాతి అన్నారు. ఏది ఏమైనా మిరియానికి దగ్గరి బంధువన్న దానిలో సందేహం లేదు.

నేటి వృక్షశాస్త్రం ఆ చిక్కును ఇలా వివరిస్తుంది. ఆడపూవులోని అండాశయం ఫలదీకరణ చెందితేనే గింజ కడుతుంది. అందుకు మగ తీగ నుంచి పుప్పొడి రావాలి. మిరియం పుప్పొడి గాలికి సులువుగా ఎగిరిపోయేది కాదు, పూవుకు తేనెటీగను పిలిచే ఆకర్షణా తక్కువే. వేలాడే కంకి మీద ఎక్కువగా పై పూల పుప్పొడి కింది పూలకు చేరుతుంది. వానచినుకులూ, చెమ్మా అందుకు సాయపడతాయి. ద్విలింగ పుష్పాలున్న కంకికి ఇది చాలు. మగతోడు దగ్గరలేని ఆడతీగకు ఇది చాలదు. గింజ కట్టని కాయను తీగ ఎక్కువకాలం మోయదు, రాల్చేస్తుంది.

అడవిలో పెరిగే మిరియం తీగలలో ఎక్కువ భాగం ఇలా ఆడ, మగ వేరువేరుగానే ఉంటాయి. సాగులో ఉన్న రకాలు చాలావరకు ద్విలింగాలు. ఈ మార్పు ఎలా వచ్చింది? మలబారు రైతులు తరతరాలుగా నిండుగా కాసిన తీగ ముక్కనే కోసి నాటుతూ వచ్చారు. గింజ నాటితే పుట్టే మొక్క ఆడదవుతుందో మగదవుతుందో తెలియదు. ముక్క నాటితే తల్లి గుణమే వస్తుంది. పూవును భూతద్దంలో చూడకుండానే, కాతను చూసి ఎంచుకుంటూ ఆ రైతులు శతాబ్దాలలో సాధించిన ఫలితాన్ని రాక్స్‌బర్గ్ తోట కొద్ది ఏళ్లలో కళ్లకు కట్టింది.

తోట ఏమైంది?

సామర్లకోట మిరియం పెద్ద వ్యాపార పంటగా నిలబడలేదు. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను మలబారును కంపెనీకి వదులుకున్నాడు. మలబారే చేతికి వచ్చాక, ఎంతో శ్రమపడి మిరియాలను మరోచోట పండించవలసిన అవసరం కంపెనీకి తగ్గిపోయింది.

వాతావరణమూ అనుకూలం కాదు. మిరియం కోరేది ఏడాదికి రెండువేల మిల్లీమీటర్ల వాన. సామర్లకోట ప్రాంతంలో కురిసేది సుమారు దానిలో సగం. దీనికి తోడు ఆ ఏళ్లలోనే వరుసగా వానలు తప్పి, 1791-92 నాటికి ఉత్తర సర్కారు జిల్లాలను భయంకరమైన కరువు కబళించింది. ఆ కరువును కళ్లారా చూసిన రాక్స్‌బర్గ్, వానలు తప్పినా ఆదుకునే కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించాలని ప్రభుత్వానికి సూచించాడు. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. సామర్లకోట తోట బెంజమిన్ హైనె అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడి చేతికి వచ్చింది. కొన్నేళ్లకు ఆయనా మైసూరు సర్వే పనిమీద వెళ్లిపోయాడు. లోయల నీడలో పెరగవలసిన తీగను మైదానంలోకి దించిన ప్రయోగం అలా ముగిసింది.

ఘాటు ఎక్కడిది?

తోట ముగిసినా తీగను గురించిన ప్రశ్నలు ముగియలేదు. 1819లో డెన్మార్కు శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ మిరియం నుంచి ఘాటునిచ్చే పదార్థాన్ని వేరుచేశాడు. దాని పేరు పైపరిన్. ఆ పేరు మీరు భౌతికశాస్త్ర పుస్తకంలో చూసే ఉంటారు. విద్యుత్తు ప్రవహించే తీగ దిక్సూచి ముల్లును కదిలిస్తుందని మరుసటి ఏడాది, 1820లో కనుగొన్నది ఈయనే!

మిరపకాయ మంటకు కారణం కాప్సైసిన్ అనే వేరే పదార్థం. ఈ రెండూ మన నరాలలో వేడిని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని తాకుతాయి. అందుకే రెండూ నాలుకకు 'మంట'గా తోస్తాయి. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఇక్కడ తెలుగు మాటనూ గమనించండి. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా పదహారో శతాబ్దంలో వచ్చిన కొత్త చుట్టం. దానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మనవారు అప్పటికే ఎరిగిన మిరియం మాటనే ఆసరా చేసుకున్నారు. అంతకు పూర్వం మన వంటల్లో కారమంటే మిరియం, పిప్పలి.

నల్ల మిరియం, తెల్ల మిరియం వేరు మొక్కలవి కావు. పచ్చికాయను కోసి ఎండబెడితే తొక్క ముడతలుపడి నల్లబడుతుంది. పండిన కాయను నానబెట్టి తొక్క తీసి ఎండబెడితే తెల్ల మిరియం.

మళ్లీ మన కొండలకు

మిరియం పరిశోధనకు కేరళలోని పన్నియూరులో 1952లో ఒక కేంద్రం వెలిసింది. అక్కడ రెండు నాటు రకాలను సంకరపరచి పన్నియూరు-1 అనే మొదటి సంకర రకాన్ని రూపొందించారు. దాని తల్లి ఉతిరన్‌కొట్ట, తండ్రి చెరియకణియక్కాడన్. తల్లి రకం ఆడపూలు ఎక్కువగా ఉండేది! సామర్లకోటలో తంటా తెచ్చిన ఆడ లక్షణమే ఇక్కడ సంకరానికి వీలు కల్పించింది. ఆడపూవుకు కోరిన తండ్రి పుప్పొడిని అందించడం సులువు గదా. ప్రకృతిలో ఏ గుణమూ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది దేనికి అవసరమో దానిని బట్టి విలువ.

ఈ రోజు అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో గిరిజన రైతులు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగలు పాకిస్తున్నారు. కింద కాఫీ, పైన మిరియం. బస్తర్‌లోని కొండగావ్ వైపు కూడా రైతులు చెట్లకు మిరియం తీగలెక్కించి పండిస్తున్నారు. రాక్స్‌బర్గ్ తీగను కొండ దింపి కాయించాలనుకున్నాడు. ఇప్పుడు సాగే కొండ ఎక్కింది. మొక్కకు నచ్చిన చోటికి మనం వెళ్లడమే తెలివైన పని అని తేలింది.

మరి అడవిలోని అసలు తీగ సంగతేమిటి? అదే ఇప్పుడు మనం ఆలోచించవలసినది. ఒకే తీగ ముక్కలతో వేసిన తోటలో మొక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకదానికి తెగులు సోకితే అన్నిటికీ సోకుతుంది. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి సోకితే తీగ పాదం కుళ్లి, కొద్ది రోజుల్లోనే నిలువునా వాడిపోతుంది. ఇలాంటి తెగుళ్లను తట్టుకునే గుణాల కోసం శాస్త్రవేత్తలు మిరియపు అడవి చుట్టాల వైపే చూస్తారు. కోళికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ ఇలాంటి తీగలను వందలాదిగా సేకరించి భద్రపరుస్తున్నది. 2019లో మిరియం జన్యుపటాన్ని పూర్తిగా చదివి ప్రచురించారు. కాని పటం చేతిలో ఉన్నంత మాత్రాన అడవిలో మాయమైన తీగ తిరిగి రాదు. పోడు, రోడ్లు, గనులు, కలప కోసం లోయలలోని పెద్ద చెట్టు కూలినప్పుడు దాని మీద ఆధారపడిన తీగ కూడా కూలుతుంది. అది ఆడదో, మగదో, మూడో రకమో చూసేవారు కూడా ఉండరు.

మీరే చూడండి

వృక్షశాస్త్రం నేర్చుకోవడానికి వర్షారణ్యానికే వెళ్లనవసరం లేదు. ఒక మనీప్లాంటు, ఒక తమలపాకు తీగ, ఒక భూతద్దం చాలు. మనీప్లాంటు కణుపు దగ్గర వేళ్లు ఎటువైపు వస్తున్నాయో చూడండి: గోడ వైపా, గాలి వైపా? గోడ తడిగా ఉన్నచోట, పొడిగా ఉన్నచోట వేళ్ల పొడవు కొలిచి రాసుకోండి. గోడెక్కిన తీగ ఆకునూ, కిందికి వేలాడే తీగ ఆకునూ పక్కపక్కన పెట్టి వెడల్పు పోల్చండి. తమలపాకు తోట దగ్గరలో ఉంటే రైతునడిగి కంకి కోసం వెతకండి. దొరికితే అది మగదో ఆడదో తేల్చండి. అరకు వైపు వెళితే మిరియం తీగలో పాకే కొమ్మ ఏదో, కాసే కొమ్మ ఏదో గుర్తుపట్టండి.

చూసినది తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి. ఆ మొక్కను మీ ఊరివారు ఏమంటారో అడిగి, ఆ పేరు కూడా రాయండి. పేరు చెప్పిన మనిషి పేరును దాని పక్కనే రాయడం మాత్రం మరచిపోకండి.